ఒంటరిగా నడుపుతున్న పోస్టుల ఆర్కైవ్ సర్వీసు: ముందు ఏది సరిచేయాలి?

గూటిపావురం:

అందరికీ నమస్కారం. ప్రశ్న కొంచెం పొడుగు, కానీ చాలా రోజులుగా మనసులో నలుగుతోంది కాబట్టి మొత్తం చెప్పేస్తాను.

మూడేళ్లుగా ఒక చిన్న సర్వీసు నడుపుతున్నాను, అన్ని పనులూ నేనే చూసుకుంటాను. ఏదైనా సోషల్ మీడియా పోస్టు లింకు ఇస్తే ఆ పోస్టు, దాంట్లోని ఫోటోలు, వీడియో, రాసినవాళ్ల పేరు, తేదీ అన్నీ నా సర్వర్‌లో దాచిపెడుతుంది. అసలు చోట ఆ పోస్టు పోయినా మీ ఖాతాలో ఉంటుంది. మొదట్లో ఇది నా కోసమే రాసుకున్నాను. పాత రేడియోలు బాగుచేయడం గురించి ఒకాయన ఏళ్ల తరబడి పెద్ద పెద్ద థ్రెడ్లు రాసేవారు, ఏ భాగాన్ని ఎలా పరీక్షించాలో ఫోటోలతో సహా. వాటిలో రెండొందలకు పైగా బుక్‌మార్క్ చేసుకున్నాను. ఒకరోజు చూస్తే ఆయన ఖాతాయే లేదు. ఇన్నాళ్లూ నేను దాచుకున్నది చిరునామాలు మాత్రమేనని అప్పుడు అర్థమైంది. ఆయన ఎవరో, ఎందుకు వెళ్లిపోయారో నాకు తెలియదు, ఆ పాఠాలు మాత్రం మళ్లీ ఎక్కడా దొరకలేదు.

ఇప్పుడు దాదాపు 400 మంది వాడుతున్నారు, 11 లక్షల పోస్టులు, 1.8 టెరాబైట్లు. ఒకే సర్వర్, ఒక ఎస్‌క్యూలైట్ డేటాబేస్, ఒక క్యూ, పేజీ తెరిచి స్క్రీన్‌షాట్ తీసే బ్రౌజర్ ఒకటి. లింకు రాగానే క్యూలో పడుతుంది, బ్రౌజర్ పేజీ తెరుస్తుంది, అందులోంచి టెక్స్ట్, ఫోటోలు ఏరుకుని స్క్రీన్‌షాట్‌తో పాటు దాస్తుంది. అంతే.

ఇక బాధల సంగతి. ప్లాట్‌ఫామ్ వాళ్లు పేజీ రూపం మార్చినప్పుడల్లా నా ప్రోగ్రామ్ ఆగిపోతుంది, ఉద్యోగం నుంచి వచ్చాక రాత్రిళ్లు కూర్చుని సరిచేస్తాను. పోయిన నెల జ్వరంతో ఐదు రోజులు కంప్యూటర్ ముట్టుకోలేదు, లేచి చూస్తే 6,000 లింకులు ఫెయిల్ అని పడి ఉన్నాయి, మళ్లీ నడిపితే వాటిలో కొన్ని అప్పటికే అసలు చోట లేవు. వాటిని నమ్మి నా దగ్గర పెట్టినవాళ్లకు ఏం చెప్పాలో తెలియలేదు. ఇంకోటి, ఒకరు మెయిల్ చేశారు: "నా పోస్టు నేను తీసేశాను, మీ దగ్గర ఎవరో దాచారు, దయచేసి తీసేయండి" అని. ఇప్పటివరకు జవాబు ఇవ్వలేకపోయాను. వాడేవాళ్లేమో మొబైల్ యాప్ కావాలని, ఫోల్డర్లు కావాలని, తెలుగులో వెతికితే సంబంధం లేనివి వస్తున్నాయని రాస్తున్నారు.

నాకు వారానికి 8 గంటలు దొరుకుతాయి, మించి దొరకవు. ఇలాంటిది కట్టినవాళ్లు, నడిపినవాళ్లు చెప్పండి, ముందు ఏది పట్టుకోవాలి?


రాగిచెంబు:

యాప్ సంగతి పక్కన పెట్టండి. మీరు రాసినదాంట్లో నన్ను కంగారుపెట్టింది ఒక్క మాట: "టెక్స్ట్ ఏరుకుని దాస్తుంది" అన్నారు. అంటే ఏరుకోగా మిగిలినది పారేస్తున్నారు. దయచేసి ఈ వారమే అది ఆపండి.

సర్వర్ మీకు ఏ రూపంలో ఇచ్చిందో ఆ ముడి డేటాని, ఒక్క అక్షరం మార్చకుండా, కుదించి దాచండి. మీ పార్సర్ (పేజీలోంచి టెక్స్ట్ ఏరే ప్రోగ్రామ్), డేటాబేస్, స్క్రీన్‌షాట్ అన్నీ దాని నుంచి తర్వాత ఎప్పుడైనా మళ్లీ తయారుచేసుకోగలిగేవి. ముడి డేటా లేకపోతే ఈ రోజు పార్సర్‌లో జరిగిన తప్పు శాశ్వతం అయిపోతుంది, ఎందుకంటే అసలు పోస్టు అప్పటికి ఉండకపోవచ్చు.

నాకు జరిగిందే చెప్తాను. ట్విట్టర్ (ఇప్పుడు ఎక్స్) పోస్టుల ఐడీలు, అంటే ప్రతి పోస్టుకీ ఇచ్చే నంబర్లు, 2010 నవంబరు నుంచి స్నోఫ్లేక్ అనే పద్ధతిలో వస్తున్నాయి, 64 బిట్ల సంఖ్యలు. జావాస్క్రిప్ట్ మామూలు సంఖ్య 9007199254740992 వరకే, అంటే 2 పవర్ 53 వరకే కచ్చితంగా పట్టుకోగలదు, ఆ పైన చివరి అంకెలు అటూ ఇటూ అయిపోతాయి. నేను ఐడీని సంఖ్యగా దాచాను. ఎనిమిది నెలలు ఎవరికీ తెలియలేదు, పోస్టు బాగానే కనిపిస్తోంది కదా. అసలు పోస్టుకి తీసుకెళ్లే లింకు నొక్కినప్పుడే అది ఎక్కడికీ వెళ్లలేదు. ముడి జేసన్‌లో (ప్లాట్‌ఫామ్ డేటా పంపే టెక్స్ట్ రూపం అది) అదే ఐడీ అక్షరాల రూపంలో కూడా ఉంటుంది, అది దాచి ఉంచాను కాబట్టి ఒక్క రాత్రిలో అన్నీ సరిచేయగలిగాను. లేకపోతే ఆ ఎనిమిది నెలల పోస్టులకు అసలు ఎక్కడివో చెప్పే ఆధారమే ఉండేది కాదు. ఐడీలన్నీ టెక్స్ట్‌గా దాచండి, ఏ ప్లాట్‌ఫామ్ అయినా సరే.

ఆ ఐడీలోనే సమయం కూడా ఉంటుంది. 22 బిట్లు కుడివైపు జరిపి, వచ్చినదానికి 1288834974657 కలిపితే పోస్టు పుట్టిన మిల్లీసెకను వస్తుంది. మీరు స్క్రీన్ మీద కనిపించిన తేదీని ఏరుకుని ఉంటే అది మీ సర్వర్ టైమ్‌జోన్‌లోదో, ఇంకెక్కడిదో అయి ఉంటుంది. దీంతో పాతవి సరిచూసుకోవచ్చు.

పొట్టి లింకులు కూడా ఇప్పుడే విప్పి దాచండి. ట్విట్టర్‌లో పెట్టిన ప్రతి లింకూ టీ.కో అనే పొట్టి రూపంలోకి మారుతుంది. ఆ పొట్టి రూపం ఒక్కటే మీ దగ్గర ఉంటే, దాన్ని విప్పే సర్వర్ ఆగిన రోజు ఆ పోస్టు దేని గురించి మాట్లాడుతోందో ఎవరికీ తెలియదు.

మాస్టడాన్ లాంటి, వేరువేరు సర్వర్ల మీద నడిచే సోషల్ నెట్‌వర్క్‌లకు అసలు బ్రౌజర్ అక్కర్లేదు. అదే లింకుని, యాక్సెప్ట్ హెడర్‌లో (డేటా ఏ రూపంలో కావాలో సర్వర్‌కి చెప్పే చోటు) యాక్టివిటీ జేసన్ కావాలని అడిగితే చాలా సర్వర్లు నేరుగా డేటా ఇస్తాయి. బ్లూస్కై అనే ఇంకో నెట్‌వర్క్‌లో అయితే ఒక మనిషి పోస్టులన్నీ కలిపి ఒకే రిపాజిటరీ ఫైలుగా దిగుతాయి, ఫోటోలు మాత్రం విడిగా తెచ్చుకోవాలి, ఇది మర్చిపోయి ఫోటోలు కూడా వచ్చేశాయని అనుకునేవాళ్లు ఉన్నారు. ఎవరైనా తమ సొంత పోస్టులు దాచుకోవాలంటే మాత్రం ప్లాట్‌ఫామ్ ఇచ్చే డౌన్‌లోడ్ జిప్ కంటే మంచిది లేదు, దాన్ని మీ సర్వీసులోకి ఎక్కించుకునే వీలు పెట్టండి. ట్విట్టర్ జిప్‌లో ఫైళ్లు పేరుకి జావాస్క్రిప్ట్ ఫైళ్లే, మొదట్లో ఉన్న ఒక చిన్న అసైన్‌మెంట్ ముక్క కోసేస్తే మిగిలినదంతా మామూలు జేసనే.

పేజీ మొత్తంగా పట్టుకోవాల్సి వస్తే వెబ్ పేజీలు దాచడానికే ఉన్న వార్క్ ఫార్మాట్ వాడండి. 2009 నుంచి ఐఎస్ఓ 28500 ప్రమాణం అది, ఇంటర్నెట్ ఆర్కైవ్ దగ్గర నుంచి జాతీయ గ్రంథాలయాల వరకు వాడేది అదే. వెబ్‌రికార్డర్ వాళ్ల బ్రౌజర్‌ట్రిక్స్ దాన్ని తయారుచేస్తుంది, రీప్లేవెబ్ అనేది సర్వర్ లేకుండానే బ్రౌజర్‌లో తెరిచి చూపిస్తుంది. సొంత ఫార్మాట్ మాత్రం కనిపెట్టకండి. స్క్రీన్‌షాట్ ఉంచుకోండి, ఆ రోజు అది ఎలా కనిపించిందో చెప్తుంది. కానీ దాంట్లో వెతకలేం, చూపులేనివాళ్ల స్క్రీన్ రీడర్ చదవలేదు, పైగా స్క్రీన్‌షాట్‌ని ఎవరైనా ఐదు నిమిషాల్లో మార్చగలరు.

మీ జ్వరం సంగతికి వస్తే, క్యూని రెండుగా విడగొట్టండి. మొదటిది చాలా చిన్నది: లింకు రాగానే ముడి డేటా, ఫోటోలు, వీడియో తెచ్చి డిస్కు మీద పెట్టడం, అంతకుమించి ఏమీ చేయకూడదు. పార్సింగ్, స్క్రీన్‌షాట్, వెతుకులాట సూచిక అన్నీ రెండో క్యూలో. పేజీ రూపం మారినప్పుడు ఎక్కువగా విరిగేది రెండోది. అది నెల రోజులు ఆగినా పోయేది ఏమీ లేదు, మీరు కోలుకున్నాక నడుపుకోవచ్చు.

ఫెయిల్ అని ఒకే మాట రాయకండి. పోస్టు తీసేశారా, ఖాతా తాళం వేసుకున్నారా, 429 అనే ఎర్రర్ కోడ్ వచ్చి ప్లాట్‌ఫామ్ "నెమ్మదించు" అందా, లేక మీ ప్రోగ్రామే పడిపోయిందా, ఈ నాలుగూ వేరువేరు. ఒకటి ఆర్కైవ్‌కి విలువైన సమాచారం, ఇంకొకటి మీరు సరిచేయాల్సిన తప్పు. 429 వస్తే దాంతోపాటు వచ్చే రిట్రై-ఆఫ్టర్ చూసి అంతసేపు ఆగండి, అది లేకపోతే ప్రతిసారీ విరామం రెట్టింపు చేస్తూ, ఒక్కో పనికి ఆ విరామాన్ని కొంచెం అటూ ఇటూ మార్చండి, లేదంటే ఆగిన పనులన్నీ ఒకే క్షణంలో లేచి మళ్లీ తలుపు బాదుతాయి.


వేపచెట్టు:

ఆ మెయిల్‌కి జవాబు ఇవ్వండి అండీ. ఈ రోజే. మిగతావన్నీ తర్వాత.

నేను ఇలాంటిదే ఒకటి నాలుగేళ్లు నడిపి ఆపేశాను. ఒకామె రాసింది, తన పాత పోస్టులో తన ఇంటి చిరునామా ఉందని, దాన్ని తీసేసినా మా దగ్గర కనిపిస్తోందని. అప్పుడు నాకు ఆర్కైవ్ అంటే పవిత్రమైనదనే ఒక పట్టుదల ఉండేది. "బహిరంగంగా పెట్టినదే కదా" అని ఆమెతో నాలుగు రోజులు వాదించాను. చివరికి తీసేశాను, కానీ ఆ నాలుగు రోజులు ఆమె ఎంత భయంతో ఉండి ఉంటుందో తర్వాత ఆలోచిస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. నేను కాపాడానని అనుకున్న పోస్టు ఆమెకు ప్రమాదం.

కాబట్టి నా సలహా, ఎవరు దాచింది వాళ్లకే కనిపించాలి, మొదటి నుంచీ, డిఫాల్ట్‌గా. సెర్చ్ ఇంజన్లకు కనపడకుండా నోఇండెక్స్ పెట్టండి. పంచుకునే లింకులు ఉంటే వాటికి గడువు ఉండాలి. తీసేయమని అడగడానికి ఒక పేజీ ఉండాలి, అందులో ఎన్ని రోజుల్లో జవాబిస్తారో రాసి ఉండాలి, ఆ మాట నిలబెట్టుకోవాలి. అడిగినవాళ్లే ఆ ఖాతా యజమాని అని తెలుసుకోవడానికి గుర్తింపు కార్డులు అడగకండి, అవి దాచడం ఇంకో పెద్ద బాధ్యత. ఖాతా ఇంకా ఉంటే ప్రొఫైల్‌లో మీరిచ్చిన ఒక కోడ్ కాసేపు పెట్టమనండి, సరిపోతుంది. ఖాతా లేకపోతే, పోస్టులో ఫోన్ నంబరు, చిరునామా, పిల్లల ఫోటో, ఆరోగ్య విషయం ఉందంటే రుజువు కోసం చూడకుండా తీసేయండి.

యూరప్‌లో 2018 మే నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 17వ ఆర్టికల్ ప్రకారం తన వివరాలు చెరిపేయమని అడిగే హక్కు ఉంది. ప్రజా ప్రయోజనం కోసం చేసే ఆర్కైవింగ్‌కి అందులో మినహాయింపు ఉన్న మాట నిజమే, కానీ ఒక్క మనిషి నడిపే సర్వీసు ఆ మినహాయింపు తనదేనని ధీమాగా కూర్చోవడం నాకు సరిగా అనిపించదు. మీ వాడకందార్లలో యూరప్‌లో ఉన్నవాళ్లు ఉన్నారేమో ముందు చూసుకోండి, ఉంటే ఒకసారి లాయరుతో మాట్లాడటం మంచిది.

ఇంకొక్క విషయం, దీన్ని చాలామంది మర్చిపోతారు. ఈ రోజు తీసేసిన పోస్టు మీ పాత బ్యాకప్‌లలో ఉంటుంది. ఆరు నెలల తర్వాత ఏదో పాడై బ్యాకప్ ఎక్కిస్తే అది మళ్లీ లేచి కూర్చుంటుంది. తొలగించిన ఐడీల జాబితా ఒకటి బ్యాకప్‌కి బయట, విడిగా ఉంచండి, బ్యాకప్ ఎక్కించిన ప్రతిసారీ సర్వీసు తెరవకముందే ఆ జాబితా ప్రకారం మళ్లీ తీసేయాలి. మా దగ్గర ఇది లేక ఒకసారి తలదించుకోవాల్సి వచ్చింది.


ఇనుపపెట్టె:

వేపచెట్టు గారు చెప్పిన చిరునామా విషయంలో మారుమాట లేదు. కానీ అడిగినవన్నీ తీసేస్తూ పోతే ఆర్కైవ్ ఎందుకు? పదవిలో ఉన్నవాళ్లు ఒక మాట అని, గొడవయ్యాక తీసేసి, "నేను ఎప్పుడు అన్నాను?" అంటారు. రాజకీయ నాయకులు తీసేసిన ట్వీట్లను దాచే పొలిట్‌వూప్స్ ఉండేది అందుకే. 2015లో ట్విట్టర్ దానికి ఏపీఐ (ప్రోగ్రాములు నేరుగా డేటా తెచ్చుకునే దారి) ఆపేసింది, చాలా సంస్థలు గట్టిగా అడిగాక ఆ ఏడాది చివర్లో తిరిగి ఇవ్వడానికి ఒప్పుకుంది. అలాంటివాళ్ల కోసం నిలబడే చోటు కూడా ఉండాలి.


వేపచెట్టు:

ఇనుపపెట్టె గారూ, ఒప్పుకుంటాను, పదవి హోదాలో అన్న మాట వేరు, ఆ మనిషి సెలవు రోజు తన కూతురి ఫోటో పెట్టి తీసేయడం వేరు. ఆ గీత ఎక్కడ గీశారో ముందే రాసి పెట్టుకోవాలని నా ఉద్దేశం. మెయిల్ వచ్చాక, కోపంలోనో జాలిలోనో, ఒక్కడే కూర్చుని నిర్ణయిస్తే ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది.


నల్లబల్ల:

పైవాళ్లు చెప్పినవి చేయండి. నేను ఇంకో వైపు నుంచి అడుగుతాను. జ్వరం ఐదు రోజులే ఉంది కాబట్టి సరిపోయింది. మీరు ఆరు నెలలు లేకపోతే ఆ 400 మంది సంగతేంటి?

మనం ఆర్కైవ్‌లు ఎందుకు కడుతున్నామో గుర్తుచేసుకోండి. జనం సొంత వెబ్ పేజీలు పెట్టుకునే జియోసిటీస్‌ని 2009 అక్టోబరులో మూసేశారు, ఆర్కైవ్ టీమ్ అనే వాలంటీర్లు చివరి నెలల్లో పరుగులు పెట్టి దక్కినంత దక్కించారు. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న ఆగింది. చిన్న వీడియోల సైటు వైన్ 2017 జనవరిలో, గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్ 2న. మైస్పేస్ సంగతి ఇంకా బాధ, అది మూతపడలేదు కూడా, ఒక సర్వర్ నుంచి ఇంకో దానికి మార్చేటప్పుడు పన్నెండేళ్లలో జనం ఎక్కించిన పాటలు, ఫోటోలు పోయాయని 2019లో బయటపడింది. అమెరికాలోని ప్యూ రిసెర్చ్ సెంటర్ అనే పరిశోధన సంస్థ 2024లో చూస్తే, 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత తెరుచుకోలేదు, ట్వీట్లలో దాదాపు ఐదింట ఒకటి పెట్టిన కొన్ని నెలలకే బయటికి కనిపించడం లేదు. అంత పెద్ద సంస్థల నుంచి జారిపోతుంటేనే వాళ్లు మీ దగ్గరికి వచ్చారు. ఇప్పుడు వాళ్లకున్న ఆధారం మీ ఒక్కరి ఆరోగ్యం, మీ ఒక్క కార్డు, మీ ఒక్క పాస్‌వర్డ్.

అందుకే నేనైతే ముందు ఎగుమతి బటన్ కడతాను. ఒక్కసారి నొక్కితే ఒక జిప్ రావాలి. అందులో మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీలు, పక్కన ఫోటోలు వీడియోలు, ఇంకో ఫోల్డర్‌లో జేసన్. ఇంటర్నెట్ లేకుండా, మీ సర్వీసు లేకుండా, కంప్యూటర్ గురించి పెద్దగా తెలియని మనిషి రెండుసార్లు నొక్కితే తెరుచుకోవాలి. బొమ్మల లింకులు మీ సర్వర్‌కి కాకుండా జిప్ లోపలికే చూపాలి, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, కట్టినవాళ్ల కంప్యూటర్‌లో ఇంటర్నెట్ ఉంటుంది కాబట్టి అన్నీ బాగానే కనిపిస్తాయి. వైఫై ఆపి చూడండి.

బ్యాకప్ ఉందని మీరు రాయలేదు, ఉందనే అనుకుంటున్నాను. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి పూర్తిగా బయట, ఈ లెక్క మీకు తెలిసే ఉంటుంది. బయట ఉండే కాపీ వేరే సంస్థ దగ్గర, వేరే ఖాతాతో, వేరే కార్డుతో పెట్టండి. నాకు ఒక హోస్టింగ్ సంస్థ బిల్లు గొడవలో ఖాతా మొత్తం ఆపేసింది, సర్వర్, బ్యాకప్ రెండూ అక్కడే, పదకొండు రోజులు రెండూ అందలేదు. సర్వర్ దగ్గరున్న కీతో బ్యాకప్‌లోకి రాయడం మాత్రమే కుదరాలి, చెరపడం కుదరకూడదు, అప్పుడు సర్వర్‌లోకి ఎవరైనా చొరబడినా బ్యాకప్ మిగులుతుంది. ఎస్‌క్యూలైట్ అన్నారు కాబట్టి ఇంకో జాగ్రత్త. నడుస్తున్న డేటాబేస్ ఫైలుని మామూలుగా కాపీ కొట్టకండి. వాల్ మోడ్‌లో (మార్పుల్ని ముందు వేరే ఫైలులో రాసుకునే పద్ధతి) కొంత డేటా పక్క ఫైలులో ఉంటుంది, ఆ కాపీ తెరుచుకున్నట్టే ఉండి లోపల సగమే ఉండొచ్చు. దాని సొంత బ్యాకప్ కమాండ్ గానీ, వాక్యూమ్ ఇంటూ గానీ వాడండి.

ఫోటోలు, వీడియోలకి ఎస్‌హెచ్‌ఏ-256 హాష్ (ఫైలు లోపలున్నదాని నుంచి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి సంఖ్య) తీసి అదే ఫైలు పేరుగా పెట్టండి. ఒకే ఫోటోని వందమంది దాచినా డిస్కు మీద ఒక్కటే ఉంటుంది. మీ 1.8 టెరాబైట్లు ఎంత తగ్గుతుందో మీరు దాచేవాటిని బట్టి ఉంటుంది, కానీ జనం ఒకే వైరల్ వీడియోని మళ్లీ మళ్లీ దాస్తారు. ప్రతి నెలా హాష్‌లు తిరిగి లెక్కగట్టి పేరుతో పోల్చితే ఏ ఫైలైనా నిశ్శబ్దంగా పాడైందా అన్నది కూడా తెలుస్తుంది. వేపచెట్టు గారి మాట ఇక్కడ కలిపి చూడండి, ఒకరి కాపీ తీసేటప్పుడు ఆ ఫైలు ఇంకెవరికైనా చెందుతుందా లెక్క చూసుకోవాలి, యజమాని తీసేయమంటే మాత్రం అందరి దగ్గర నుంచీ పోవాలి. ఈ రెండు తొలగింపులూ వేరని కోడ్‌లో మొదటే రాసుకోండి.

చివరగా, ఒక కాగితం. మీరు నమ్మే మనిషికి ఇవ్వండి. సర్వీసుని ఎలా నడపాలో అందులో రాయకండి, అది వాళ్లవల్ల కాదు. ఎలా మూయాలో రాయండి: కొత్త లింకులు తీసుకోవడం ఎలా ఆపాలి, అందరికీ మెయిల్ ఎలా పంపాలి, ఎగుమతి బటన్ మూడు నెలలు ఎలా తెరిచి ఉంచాలి, డొమైన్, సర్వర్ డబ్బులు ఎక్కడ కట్టాలి, తర్వాత ఏది చెరిపేయాలి. డొమైన్‌ని కొన్నేళ్లకు ముందే కట్టేయండి. ఇది రాయడానికి మనసు ఒప్పదు, నాకూ ఒప్పలేదు, ఏడాది వాయిదా వేశాను.


తాటాకు:

తెలుగు సెర్చ్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి అది నేను చెప్తాను, మీది ఎస్‌క్యూలైట్ కాబట్టి ఎఫ్‌టీఎస్5 అనే దాని సొంత వెతుకులాట సౌకర్యం వాడుతున్నారనుకుంటున్నాను.

దాని డిఫాల్ట్ టోకెనైజర్, అంటే టెక్స్ట్‌ని పదాలుగా కోసే భాగం, యూనికోడ్61. అది అక్షరాలు, అంకెల్ని మాత్రమే పదంలో భాగంగా చూస్తుంది. మన గుణింతాలు, పొల్లు, సున్నా యూనికోడ్ లెక్కలో అక్షరాలు కావు, "గుర్తులు" అనే వేరే తరగతి. కాబట్టి ప్రతి గుణింతం దగ్గరా పదాన్ని కోసేస్తుంది. కాలు, కీలు, కూలీ మూడూ దానికి ఒకటే, క తర్వాత ల. మీవాళ్లు సంబంధం లేనివి వస్తున్నాయి అన్నది ఇదే అయి ఉంటుంది. టేబుల్ తయారుచేసేటప్పుడు టోకెనైజర్‌కి కేటగిరీలు అనే ఆప్షన్ ఉంటుంది, అందులో ఎమ్ఎన్, ఎమ్‌సీ అనే ఆ గుర్తుల తరగతుల్ని కూడా చేర్చండి. ఉన్న టేబుల్‌కి ఇది మార్చలేరు, కొత్తది కట్టి మళ్లీ నింపాలి. హిందీ, కన్నడ, తమిళం దాచేవాళ్లకు కూడా దీంతోనే సరిపోతుంది.

రెండోది, సాఫ్ట్‌వేర్, స్క్రీన్‌షాట్ లాంటి మాటల మధ్యలో కంటికి కనపడని ఒక అక్షరం ఉంటుంది, యూ+200సీ, వెడల్పు లేని నాన్ జాయినర్. కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. దాచేటప్పుడు సూచికలోకి వెళ్లే కాపీ నుంచి, వెతికే మాట నుంచి, రెండింటి నుంచీ తీసేయండి. పోస్టు అసలు టెక్స్ట్ మాత్రం ముట్టుకోకండి, అది రాసినవాళ్లది.

ఇంతా చేసినా "ఇల్లు" అని వెతికితే "ఇంట్లో" దొరకదు. దానికి తేలిక మందు నా దగ్గర లేదు. పదం మొదటి భాగంతో వెతికే వీలు పెడితే "పుస్తకం, పుస్తకాలు, పుస్తకంలో" లాంటివి మాత్రం "పుస్తక" అని కొడితే వస్తాయి, రోజువారీ వాడకంలో అదే చాలా ఊరట.


గూటిపావురం:

మూడు వారాలైంది, ఏం చేశానో చెప్పాలి కదా. అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

వేపచెట్టు గారూ, మీ జవాబు చదివిన గంటలోనే ఆ మెయిల్‌కి రాశాను, ఆలస్యానికి క్షమాపణ అడిగి పోస్టు తీసేశాను. ఆ మనిషి ఒక్క వాక్యంలో థాంక్స్ చెప్పారు. తొలగింపుల జాబితా ఇప్పుడు విడిగా ఉంది, తీసేయమని అడిగే పేజీ కూడా పెట్టాను, ఏడు రోజుల్లో జవాబు అని రాశాను.

రాగిచెంబు గారూ, ముడి డేటా దాచడం మొదలైంది. పాత 11 లక్షల్లో ఇంకా అసలు చోట ఉన్నవాటికి నెమ్మదిగా ముడి డేటా తెస్తున్నాను, లేనివాటికి నా దగ్గరున్న స్క్రీన్‌షాటే దిక్కు, అది తలుచుకుంటే బాధగానే ఉంది. ఐడీలు నేను టెక్స్ట్‌గానే దాచాను, అదృష్టం. తేదీలు మాత్రం మీరు అనుమానించినట్టే తప్పు, మొదటి ఏడాదివన్నీ సర్వర్ టైమ్‌జోన్‌లో ఉన్నాయి. మీరు చెప్పిన 22 బిట్ల లెక్కతో ట్విట్టర్‌వి సరిచేశాను. 2010 నవంబరుకి ముందు ఐడీల్లో సమయం ఉండదు కాబట్టి ఆ పోస్టుల పక్కన "సుమారు తేదీ" అని రాశాను.

నల్లబల్ల గారూ, బ్యాకప్ ఉంది, కానీ ఎప్పుడూ తిరిగి ఎక్కించి చూడలేదు. మీ జవాబు చదివాక పాత లాప్‌టాప్‌కి పెద్ద డిస్కు తగిలించి ఎక్కించి చూశాను. డేటాబేస్ 40 నిమిషాల్లో లేచింది. వీడియోల దగ్గర చూస్తే 31,000 ఫైళ్లు లేవు. పోయిన ఏడాది వీడియోలని కొత్త ఫోల్డర్‌లోకి మార్చినప్పుడు బ్యాకప్ స్క్రిప్టులో ఆ పేరు చేర్చలేదు. సర్వర్‌లో అవి క్షేమంగా ఉన్నాయి కాబట్టి సరిపోయింది, ఆ రాత్రే అన్నీ కాపీ అయ్యేదాకా నిద్రపోలేదు. ఇప్పుడు నెలకోసారి ఎక్కించి, డేటాబేస్‌లో ఎన్ని ఫైళ్లు ఉండాలో, డిస్కు మీద ఎన్ని ఉన్నాయో లెక్క పోల్చే చిన్న స్క్రిప్టు రాశాను.

ఎగుమతి జిప్ మొదటి రూపం ఐదుగురికి ఇచ్చాను. వైఫై ఆపి తెరిస్తే ప్రొఫైల్ ఫోటోలు కనిపించలేదు, అవి ఇంకా ప్లాట్‌ఫామ్ సర్వర్ నుంచే వస్తున్నాయని అప్పటిదాకా నాకే తెలియదు. అది సరిచేశాను. ఒకాయనకి 14,000 పోస్టులు ఒకే పేజీలో పెడితే బ్రౌజర్ బిగుసుకుపోయింది, నెలకో పేజీగా విడగొట్టాను.

తాటాకు గారూ, కొత్త సూచిక నిన్న రాత్రి నింపాను. "కాలు" అని వెతికితే కాలే వస్తోంది.

మూసే కాగితం రెండు పేజీలు రాసి మా అక్కకి ఇచ్చాను. చదివి, "డొమైన్ కట్టడం అంటే ఎవరికి కట్టాలి? ఏ పాస్‌వర్డ్ ఎక్కడ పెట్టాలి? నాకు మెయిల్ పంపడం వచ్చు కానీ 400 మందికి ఒకేసారి ఎలా పంపుతారు?" అని అడిగింది. అన్నీ సరైన ప్రశ్నలే. ఆదివారం తన పక్కన కూర్చుని, తను చేస్తుంటే చూస్తూ, మళ్లీ మొదటి నుంచి రాస్తున్నాను.